వడగళ్ళ మేస్త్రి

సుద్దముక్కతో గీసుకున్న పది అడుగుల చదరం మధ్యలో గొంతుక్కూర్చుని, నజారియో ఒక్కో మచ్చనీ బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు. పొద్దున్న ఎనిమిదిన్నరకే ఇంటికప్పు మీది తారు పలకలు అరచేతికి వెచ్చగా తగులుతున్నాయి. వడగళ్ళు పడ్డచోట పలక లోపల కమిలిపోతుంది. కంటికి పెద్దగా ఆనదు గానీ వేలు పెడితే, దెబ్బతిన్న పీచ్ పండులాగా మెత్తగా దిగుతుంది. ముప్పైతొమ్మిదేళ్ళుగా శాన్ ఆంటోనియో ఇళ్ళ కప్పుల మీద ఆ బొటనవేలు వెతుకుతున్నది ఆ మెత్తదనాన్నే. ఎప్పుడో సుత్తిదెబ్బకి ఊడిపోయిన దాని గోరు మళ్ళీ మొలిచేటప్పుడు నడిమధ్య గాడి పడి మొలిచింది. ఆ గాడిలో నల్లటి తారు శాశ్వతంగా కాపురం పెట్టింది.

ఇవాళ ఆ వేలికి మెత్తదనం తగలడం లేదు. మచ్చలు మాత్రం కావలసినన్ని ఉన్నాయి.

"ఎన్ని తేలాయయ్యా?" కింద పచ్చిక మీద నిలబడి, కంటికి చెయ్యి అడ్డం పెట్టుకుని అరిచాడు ఇంటాయన. హాలెక్ అని, రిటైరైన పళ్ళ డాక్టరు.

"చాలానే ఉన్నాయి డాక్టరుగారూ!"

"చెప్పానా! గోల్ఫ్ బంతులంతేసి పడ్డాయి. నేనూ మా ఆవిడా బాత్రూములో దాక్కున్నాం."

నజారియో ఇంకో నాలుగు మచ్చలు చూశాడు. ప్రతి మచ్చా ఒకే సైజు. ప్రతి మచ్చకీ మధ్య దూరం జానెడు. పైనున్న గాలి గొట్టాల రేకు మూతల మీద ఒక్క సొట్ట కూడా లేదు. నిచ్చెన ఆనించే చోటునుంచి చెయ్యి చాపితే అందేంత మేర దెబ్బలు పడి, ఆపైన మేఘానికి హఠాత్తుగా జాలి పుట్టినట్టు ఆగిపోయాయి. ఆయనకి నవ్వొచ్చింది. మీసాల కింద దాచుకుని నిచ్చెన దిగాడు.

పొట్టిమనిషి. పీపాలాంటి ఛాతీ, బయటికి వంగిన కాళ్ళు, ఎండకి కాలి కాలి అంచులు పొట్టు లేచిన చెవులు. నేల మీద కొంచెం కుంటుతాడు. కప్పు మీద కుంటడు. "నా మొగుడికి నేల పడదు, అందుకే మిట్టకెక్కి కూచుంటాడు," అంటుంది ఆయన భార్య, ఎవరడిగినా. ఆవిడ పేరు చేలో.

"డాక్టరుగారూ, ఏమీ అనుకోకపోతే ఒక్క మాట. మీది కుడిచేతివాటమా, ఎడమచేతివాటమా?"

"ఎడమ. ఎందుకూ?"

"ఏం లేదండీ. మీ ఇంటిమీద పడ్డ వడగళ్ళది కూడా ఎడమచేతివాటమే."

డాక్టరు మొహం మెడనుంచి పైకి ఎర్రబడుతూ వచ్చింది. వంటింటి కిటికీలోంచి ఆయన భార్య పగలబడి నవ్వింది. "నేను మొత్తుకున్నాను కదా ప్రెస్టన్! వద్దురా దేవుడా అంటే విన్నావా?"

"అది కాదయ్యా," డాక్టరు గొంతు తగ్గించాడు. "ఇరవై రెండేళ్ళుగా బీమా కడుతున్నాను. ఒక్క పైసా తిరిగి రాలేదు. పక్కవీధివాడికి కొత్త కప్పు, వెనకవీధివాడికి కొత్త కప్పు. మా సందులోకి మాత్రం ఆ రోజు చిటికెడు చినుకులు! ఇదేం న్యాయం?"

"న్యాయం సంగతి నాకు తెలీదండీ. కానీ రేపు బీమావాళ్ళ మనిషి వస్తాడు. వాడికీ ఒక బొటనవేలుంటుంది. వాడు నాలాగా నవ్వి ఊరుకోడు, కేసు రాస్తాడు."

డాక్టరు నోరు మూసుకున్నాడు. జీవితమంతా ఎదుటివాళ్ళ చేత నోరు తెరిపించిన మనిషి.

"హాయిగా ఉన్న కప్పుని మీరే పద్నాలుగుచోట్ల పగలగొట్టుకున్నారు. అవి మార్చడానికి తొమ్మిది వందల డాలర్లవుతుంది. బీమా జోలికి వెళ్ళకండి. గురువారం మనుషుల్ని పంపిస్తాను. ఆ సుత్తి మాత్రం అమ్మగారి చేతికిచ్చెయ్యండి."

కిటికీలోంచి అమ్మగారు చెయ్యి చాపారు.

ట్రక్కులో కూర్చుని నజారియో చేలో కట్టిచ్చిన రొట్టెలో బంగాళాదుంపా గుడ్డూ చుట్టిన టాకో విప్పేసరికి ఫోను మోగింది. మరిబెల్. ఆయన పనిచేసే కంపెనీ యజమానురాలు. కంపెనీ అంటే రెండు ట్రక్కులు, ఏడుగురు మనుషులు, టైర్ల కొట్టు వెనకాల ఒక గది. దాన్ని పెట్టింది ఆమె తండ్రి రెనాల్డో. ఇరవై ఎనిమిదేళ్ళ వయసులో నజారియో ఈగిల్ పాస్ అనే సరిహద్దు పట్నం నుంచి ఈ ఊరికొచ్చి, మొదటిసారి ఒక పలకల కట్ట భుజాన వేసుకుని నిచ్చెన ఎక్కింది ఆయన వెనకాలే. రెనాల్డో పోయి అయిదేళ్ళయింది. ఒకప్పుడు పలకల కట్టల మీద పడుకుని నిద్రపోయిన పిల్ల ఇప్పుడు జీతాలిస్తోంది.

"బాబాయ్, డాక్టరుగారి పని మనకే వచ్చిందా?"

"వచ్చింది."

"ఎంతకి? ఇరవై ఆరు వేలా?"

"తొమ్మిది వందలు."

"బాబాయ్, నిజం చెప్పు. నువ్వు వేరే కంపెనీకి పనిచేస్తున్నావా?"

"ఆయన సుత్తితో కొట్టుకున్నాడమ్మా. పళ్ళు పీకినంత శుభ్రంగా కొట్టాడు, చూడ్డానికి ముచ్చటేసింది."

మరిబెల్ నవ్వు ఆపుకోలేకపోయింది. నవ్వుతూనే తిట్టింది. ఊళ్ళో వడగళ్ళు పడి మూడు వారాలైంది. పక్క రాష్ట్రాల నంబర్లున్న ట్రక్కులు దిగిపోయాయి. పచ్చిక మీద పాతిన కంపెనీల బోర్డులు పూలమొక్కల కన్నా ఎక్కువున్నాయి. ఇంటింటికీ తిరిగి తలుపు తట్టేవాళ్ళు వారానికి పాతిక కప్పులు రాయించుకుంటుంటే, తన దగ్గరున్న ఏకైక పెద్దమనిషి తొమ్మిది వందలు రాయించుకొచ్చాడు.

"సరేలే. మధ్యాహ్నం తూర్పు వైపు ఒకావిడ ఉంది. వెర్నా టిల్లిస్. ఎవరో ఇరవై ఒక్క వేల ఎనిమిది వందలని కాగితం రాసిచ్చారట. ఇంకొకరి చేత కూడా చూపిద్దామని ఫోన్ చేసింది. కాస్త... నీ బొటనవేలికి చెప్పు బాబాయ్, మనకీ ఇల్లూ వాకిలీ ఉన్నాయని."

"చెబుతాను. అది వినాలిగా!"

టాకో తింటూ ఆయన కుడి తొడని పిడికిలితో గుద్దుకున్నాడు. ఫిబ్రవరినుంచీ ఆ కాలు అప్పుడప్పుడు సెలవు పెడుతోంది. నొప్పి ఉండదు. తొడనుంచి అరికాలిదాకా ఉన్నట్టుండి తనది కాకుండా పోతుంది. అయిదు నిమిషాలకో పది నిమిషాలకో సూదులు గుచ్చుకుంటూ తిరిగొస్తుంది. ఇంతవరకూ అది నేల మీదున్నప్పుడే జరిగింది. చేలోకి చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలుసు. ఆరేళ్ళుగా ప్రతి వసంతమూ "ఇదే ఆఖరు" అని ఆమెకి మాటిస్తున్నాడు. "నీ ఆఖర్లకి ఆఖరు లేదు," అంటుంది చేలో. ఊళ్ళో వెయ్యి ఇళ్ళకి పైగా కప్పులేసిన మనిషి ఇంట్లో, స్నానాలగది చూరునుంచి రెండేళ్ళుగా నీళ్ళు కారుతున్నాయి. ఆవిడ దానికింద ఒక నీలం బకెట్టు పెట్టి, దానికి నజారియో అని పేరు పెట్టింది. వాన పడ్డప్పుడల్లా "నజారియో నిండిపోయాడు, పారబొయ్యి," అని కేకేస్తుంది.

వెర్నా టిల్లిస్ ఇల్లు చిన్నది. ముదురు గోధుమరంగు కప్పు, ముందు వరండా, పక్కనే పెద్ద పికాన్ చెట్టు. ఆమె వరండాలోనే నిలబడి ఉంది, బండి ఆలస్యమైతే గడియారం చూసే మనిషిలాగా. పొడవుగా, సన్నగా ఉంది. పొట్టిగా కత్తిరించిన తెల్లజుట్టు, మెళ్ళో గొలుసుకి వేలాడే కళ్ళద్దాలు. డెబ్భై నాలుగేళ్ళు. ముప్పై ఒక్క ఏళ్ళు స్కూలు బస్సు నడిపింది. ఆ గొంతు చివరి సీటుదాకా వెళ్ళడానికి అలవాటు పడ్డది.

"రెండింటికన్నారు. రెండూ నాలుగు నిమిషాలైంది."

"తప్పైపోయింది మిస్ వెర్నా."

"మంచినీళ్ళు తాగి ఎక్కుతావా, దిగి తాగుతావా?"

"దిగి తాగుతాను."

"అయితే ముందు ఇది చూడు." ఒక అట్ట ఫైలు తెరిచింది. పది రోజుల క్రితం ఇస్త్రీచొక్కా వేసుకున్న ఒకతను వచ్చాడట. కప్పెక్కి చూస్తానని పెరటివైపు వెళ్ళొచ్చి, ఫోన్లో ఫోటోలు చూపించి, ఒకటి అచ్చుతీసి ఇచ్చాడట. కప్పంతా తూట్లని, ఇంకో పెద్ద వాన పడితే పైకప్పు ఊడి మంచం మీద పడుతుందని చెప్పాడట. మొత్తం మార్చడానికి ఇరవై ఒక్క వేల ఎనిమిది వందలు. బీమావాళ్ళు ఇంటి విలువలో నూటికి రెండు వంతులు ఆమె వాటా కింద వదిలేస్తారు. కప్పు పాతదని ఇంకొంత కోస్తారు. అన్నీ పోగా ఆమె చేతినుంచి పడేది తొమ్మిది వేల అయిదు వందలు.

"ఇవాళ నాలుగింటికి సంతకానికి వస్తాడు."

"అంత డబ్బు..." అని నజారియో ఆగాడు. అడగకూడని మాట అనిపించింది.

"ఎక్కడిదంటావా? సగం అప్పు. సగం నా గోరీ."

"ఏంటండీ?"

"శ్మశానంలో మా ఆయన పక్కన నా కోసం కొనిపెట్టిన చోటు. మంచి చోటు, ఓక్ చెట్టు కింద. చర్చిలో ఒకావిడ నాలుగు వేల అయిదు వందలకి అడిగింది. సరేనన్నాను." ఆమె ఫైలు మూసింది. "క్లారెన్స్ గురక పెట్టేవాడు. నలభై నాలుగేళ్ళు విన్నాను. ఇంకోచోట పడుకుంటే కాస్త నిద్రైనా పడుతుంది."

నవ్వుతూనే అంది. అంటున్నప్పుడు ఆమె బొటనవేలు ఫైలు అంచుని పైకీ కిందకీ రుద్దుతూనే ఉంది. బొటనవేళ్ళ భాష నజారియోకి బాగా తెలుసు. ఇంకేమీ అడక్కుండా నిచ్చెన తెచ్చుకున్నాడు.

పైన ముప్పావుగంట గడిపాడు. నాలుగు వైపులా నాలుగు చదరాలు గీశాడు. గాలి గొట్టాల మూతలు నున్నగా ఉన్నాయి. చూరు వెంట వెళ్ళే రేకు కాలవ మీద సొట్ట లేదు. బొటనవేలు ఎక్కడా దిగలేదు. వడగళ్ళు ఉత్తరం వైపు దంచాయి గానీ, ఈ వీధిలోకి బఠాణీ గింజలంత పడి కరిగిపోయాయి. పలకలు పాతవే, రంగు వెలిసినవే, కానీ తనలాగే ఇంకా పట్టు వదల్లేదు. ఒక్కచోట మాత్రం, పికాన్ కొమ్మ గాలికి విరిగి రాసుకుపోయిన చోట, పలకలు లేచి చిరిగి ఉన్నాయి. లెక్కపెట్టాడు. తొమ్మిది.

మరిబెల్ గుర్తొచ్చింది. టైర్ల కొట్టు వెనక గది అద్దె గుర్తొచ్చింది. ఇరవై ఒక్క వేలు వద్దు, పద్దెనిమిది వేలని రాస్తే ఈవిడ దండం పెట్టి సంతకం చేస్తుంది. ఆ ఆలోచన పిట్టలాగా వచ్చి వాలింది. ఆయన దాన్ని తోలలేదు, గింజలూ వెయ్యలేదు. అదే ఎగిరిపోయింది.

"తొమ్మిది పలకలు," అన్నాడు దిగి, మంచినీళ్ళ గ్లాసు అందుకుంటూ. "మూడు వందల ఎనభై డాలర్లు. మిగతా కప్పుకి ఇంకో ఆరేడేళ్ళు ఢోకా లేదు."

వెర్నా కళ్ళద్దాలు పెట్టుకుని ఆయన్ని పైనుంచి కిందకి చూసింది. "నువ్వు అబద్ధమాడుతున్నావు."

"నేనా?"

"కప్పుల వాళ్ళు తక్కువ చెప్పడం నేనెక్కడా వినలేదు. ఇందులో ఏదో మెలిక ఉంది."

నమ్మకపోవడం నజారియోకి కొత్త కాదు గానీ, తక్కువ చెప్పినందుకు ఎవరూ నిలదీయలేదు. ఫోన్లో తను తీసిన ఫోటోలు చూపించాడు. ఆమె తన ఫైల్లోంచి మొదటివాడిచ్చిన ఫోటో తీసి పక్కన పెట్టింది. ఇద్దరూ తలలు ఆనించి చూశారు.

"మిస్ వెర్నా, మీకు టీవీ డిష్ ఎప్పుడు తీసేశారు?"

"నేనెప్పుడూ పెట్టించుకోలేదు."

"మరి ఈ ఫోటోలో మీ కప్పు మీద ఉంది."

ఆమె ఫోటోని కంటికి దగ్గరగా పట్టుకుంది. తర్వాత దాన్ని మడిచి, గౌను జేబులో జాగ్రత్తగా పెట్టుకుంది. "పనెప్పుడు మొదలెడతావు?" అంది.

మనుషులు గురువారంగానీ ఖాళీ అవరు. రాత్రికి వానంటున్నారు. ట్రక్కులో గోధుమరంగు పలకలు సగం కట్ట మిగిలింది. ఒప్పందం ప్రకారం నజారియో పని కప్పుని చూసి ధర రాయడమే. మేకులు కొట్టడం మానేసి నాలుగేళ్ళైంది. కానీ తొమ్మిది పలకలు ఒక పనా? నడుముకి మేకుల సంచి కట్టుకున్నాడు. వాలు మీద జారకుండా కూర్చోవడానికి చేలో పాత సోఫానుంచి కోసిచ్చిన పసుపుపచ్చ స్పాంజి దిండు చంకలో ఇరికించుకుని మళ్ళీ ఎక్కాడు.

మొదటి పలక ఊడదీసేసరికి చేతులకి పాత రోజులు దొరికాయి. పై వరస మెల్లగా ఎత్తి, కింది మేకులు పీకి, కొత్త పలక దూర్చి, నాలుగు మేకులు, నాలుగు దెబ్బలు. ఒక్కో మేకుకి ఒక్కటే దెబ్బ. రెండో దెబ్బ వేస్తే రెనాల్డో అప్పట్లో బీరు పందెం కట్టించేవాడు. ఇద్దరూ కలిసి ఈ ఊరిని పైనుంచి చూశారు. ఎవరి పెరట్లో ఈతకొలను ఉందో, ఏ పాస్టరుగారు గరాజు వెనక సిగరెట్టు కాలుస్తాడో, ఏ ఇద్దరు పొరుగువాళ్ళు మాట్లాడుకోకుండా ఒకే కంచె మీద రెండు వైపులా బట్టలారేస్తారో వాళ్ళకి తెలుసు. ఎవరికీ చెప్పలేదు. పైకెక్కినవాడు చూసింది పైనే వదిలి దిగాలనేవాడు రెనాల్డో.

తొమ్మిదో పలక చివరి మేకు ఒక్క దెబ్బకే దిగింది. లేవబోయాడు. కుడికాలు లేదు.

చేత్తో తడిమి చూసుకున్నాడు. ఉంది. చెప్పిన మాట మాత్రం వినడం లేదు. దిండు మీద అలాగే కూర్చుండిపోయాడు. భయం వెంటనే రాలేదు. ముందు సిగ్గేసింది. పొగగొట్టం మీద రెండు నల్లపిట్టలు వాలి ఆయన్ని పక్కచూపులు చూశాయి. పది నిమిషాలు చూశాడు. పావుగంట చూశాడు. ఈసారి సూదులు రాలేదు. పడమటినుంచి మబ్బు కదిలింది. అప్పుడొచ్చింది భయం.

"మిస్ వెర్నా," గొంతు సవరించుకుని పిలిచాడు. "మీకేమైనా పనుందా ఇప్పుడు?"

ఆమె పెరట్లోకి వచ్చి తలెత్తింది. ఒక్క చూపుతో సంగతి తెలిసిపోయింది.

"కాలా, గుండెనా?"

"కాలు."

"కాలైతే ఫరవాలేదు. అంబులెన్సు పిలవనా?"

"పిలిస్తే మా ఆవిడకి తెలుస్తుంది."

"అయ్యో, అంత ప్రమాదమా!" అంది వెర్నా. సరిగ్గా అప్పుడే ఇంటిముందు కారు ఆగింది. నలభై ఏళ్ళ మనిషి, ఎర్రగా కమిలిన ముక్కు, ఇస్త్రీచొక్కా, చంకలో ఫైలు. నాలుగింటి సంతకం నాలుగింటికే వచ్చింది.

"గుడ్ ఆఫ్టర్‌నూన్ మిస్ వెర్నా! నేను కోర్బిన్..."

"ఆ ఫైలు మెట్ల మీద పెట్టు. కోటుందా? లేదు, మంచిది. రా, ఈ నిచ్చెన పట్టుకో."

"అంటే, కాగితాలు ముందు..."

"బాబూ, నేను రెండోసారి చెప్పను." అది చివరి సీటుదాకా వెళ్ళే గొంతు. కోర్బిన్ ఫైలు పెట్టేసి నిచ్చెన పట్టుకున్నాడు.

నజారియో కూర్చున్న చోటునుంచే చేతులతో నెట్టుకుంటూ అంచుదాకా జరిగాడు. వేలసార్లు నిచ్చెన కళ్ళు మూసుకుని దిగినవాడికి, అంచు దగ్గర తిరిగి ఎడమకాలు మెట్టు మీద పెట్టేసరికి చెమట్లు పట్టాయి. కుడికాలు గాల్లో వేలాడింది.

"ముప్పై ఒక్క ఏళ్ళు రోజుకి రెండుసార్లు రైలుపట్టాలు దాటించాను," కిందినుంచి వినిపించింది. "ఒక్క పిల్లాడి మోకాలు చెక్కుకుపోలేదు. నేను చెప్పినప్పుడే కదులు. కోర్బిన్, రెండు మెట్లెక్కు. ఆయన కుడి బూటు పట్టుకుని మెట్టు మీద పెట్టు. పెట్టావా? పచ్చలైటు. దిగు."

నజారియో ఒక మెట్టు దిగాడు.

"ఎర్రలైటు. ఆగు. ఊపిరి పీల్చు. కోర్బిన్, బూటు. ఊఁ, పచ్చలైటు."

తను మూడు వందల ఎనభై అన్న కప్పుకి ఇరవై ఒక్క వేల ఎనిమిది వందలు రాసిన మనిషి, కిందకి చూడకుండా తన బూటుని రెండు చేతులతో పసిబిడ్డలాగా పట్టుకుని, ఒక్కో మెట్టు మీదా పెడుతున్నాడు. నజారియోకి నవ్వొచ్చింది. నిచ్చెన ఊగింది.

"నవ్వేవాళ్ళని ఇంటి దగ్గర దింపను, ప్రిన్సిపాల్ దగ్గర దింపుతాను!" అంది వెర్నా, తను కూడా నవ్వుతూ.

పదకొండు మెట్లు. పన్నెండోది నేల. పచ్చిక మీద వెల్లకిలా పడుకుని నజారియో ఆకాశాన్ని చూశాడు. ఎంత పైన ఉందో అది!

వెర్నా జేబులోంచి ఫోటో తీసి కోర్బిన్ ముందు విప్పింది. "థాంక్స్ బాబూ, మంచి సాయం చేశావు. ఇప్పుడు చెప్పు, నా డిష్ ఎక్కడ?"

కోర్బిన్ ఫోటో చూశాడు, కప్పు చూశాడు. "తారుమారైనట్టుంది మేడం."

"అయితే నా సంతకం కూడా తారుమారైంది. వెళ్ళేముందు మంచినీళ్ళు తాగి వెళ్ళు, ఎండలో పడొచ్చావు."

అతను తాగాడు. గ్లాసు తిరిగిచ్చి, నజారియో దగ్గర ఒక్క క్షణం నిలబడ్డాడు. "నిజంగా ఎన్ని పలకలు?"

"తొమ్మిది."

"నాకు మూడు రోజులే నేర్పించారు," అన్నాడు కోర్బిన్. "అది కూడా తలుపు ఎలా తట్టాలో. పైకెక్కితే నాకు కళ్ళు తిరుగుతాయి." ఎవరూ అడక్కుండానే నిచ్చెన మడిచి, ట్రక్కు మీద పెట్టి తాళ్ళు కట్టాడు. కట్టడం రాలేదు, నజారియో కూర్చున్న చోటునుంచే ముడి ఎలా వెయ్యాలో చెప్పాడు. అతను ఫైలు తీసుకుని వెళ్ళిపోయాడు.

వెర్నా వరండాలోంచి ఫోన్ చేసింది. "బెర్నీస్, నేనే. ఆ చోటు సంగతి... లేదమ్మా, అమ్మడం లేదు. ఏం చెయ్యమంటావు, ఆ గురక నా తలరాత. మళ్ళీ విని చావాల్సిందే." పెట్టేశాక అటు తిరిగింది. కళ్ళద్దాలు తీసి తుడుచుకుంది. మళ్ళీ తుడుచుకుంది.

అప్పటికి సూదులు మొదలయ్యాయి, పాదం దగ్గర్నుంచి, ఒక్కొక్కటే. నజారియో వాటిని పచ్చిక మీద కూర్చునే లెక్కపెట్టుకుని మరిబెల్‌కి ఫోన్ చేశాడు.

"ఎక్కడున్నావ్ బాబాయ్?"

"కింద."

"కిందంటే?"

"కిందేనమ్మా. ఇక పైకెక్కను."

మరిబెల్ గొంతు మారింది. "దెబ్బ తగిలిందా?"

"లేదు. కాలు రాజీనామా ఇచ్చింది. నేను కూడా దాంతోపాటే ఇచ్చేస్తున్నాను."

"రేపు ఆఫీసుకి రా. కుర్చీలో కూర్చుని ఫోన్లెత్తు."

"నేను ఫోనెత్తితే నీ వ్యాపారం ఇంకా తొందరగా మునుగుతుంది."

"పొద్దున తొమ్మిది వందలు. ఇప్పుడెంత?"

"మూడు వందల ఎనభై."

"పన్నెండు వందల ఎనభై!" అంది మరిబెల్. "వడగళ్ళు పడ్డ నెలలో ఇంత తక్కువ సంపాదించిన మొనగాడు టెక్సాస్ మొత్తంలో ఇంకొకడు లేడు బాబాయ్." ముక్కు చీదిన చప్పుడు వినిపించింది.

వెర్నా ఆయన చేతిలోంచి ఫోను లాక్కుంది. "ఎవరమ్మా, యజమానురాలివా? విను. మా చర్చిలో నలభై ఇళ్ళవాళ్ళు ఇలాంటి కాగితాలే పట్టుకుని దిగాలుగా కూర్చున్నారు. కొన్ని నిజంగా తూట్లే పడి ఉంటాయి. ఆదివారం పదకొండింటికి రా. నిజం చెప్పే మనిషి నీ దగ్గరున్నాడని నేను చెబుతాను. ఈయన ఎక్కక్కర్లేదు. ఎక్కేవాళ్ళకి ఎక్కడ నొక్కాలో కిందినుంచి చెబితే చాలు." ఫోను తిరిగిచ్చి చెయ్యి చాపింది. "తాళాలు."

"ఏం తాళాలు?"

"ట్రక్కువి. ఆ కాలితో బ్రేకు నొక్కుతావా? నడు, మీ ఇల్లెక్కడ?"

"వద్దండీ, మీరు తిరిగెలా వస్తారు?"

"నీ యజమానురాలు దింపుతుంది. ఈలోపు మీ ఆవిడ నాకు భోజనం పెడుతుంది. అన్నట్టు ఆవిడకి నువ్వు చెబుతావా, నేను చెప్పనా?"

నజారియో ఆలోచించాడు. "మీరే చెప్పండి," అన్నాడు. "మీ గొంతు వింటే చేలో అడ్డం మాట్లాడదు."

ఆమె భుజం ఆసరాతో ట్రక్కు దాకా నడిచాడు. నేల మీద ఆయన నడక ఎప్పుడూ బాగుండేది కాదు. ఇవాళ మరీ బాగాలేదు. తన ట్రక్కులో పక్క సీట్లో కూర్చోవడం ఆయనకిదే మొదటిసారి. అక్కణ్ణుంచి అద్దంలో వీధి వేరేగా కనిపించింది. వెర్నా సీటు ముందుకి జరుపుకుంది, అద్దాలు మూడూ సరిచూసుకుంది, వెనక ఎవరూ లేకపోయినా "అందరూ కూర్చున్నారా?" అంది. కూర్చున్నాం, అన్నాడు నజారియో. మూల దగ్గర పూర్తిగా ఆపి, కుడీ ఎడమా చూసి మలుపు తిప్పింది. చేలోకి ఏం చెప్పాలో, ఏది ముందు చెప్పాలో ఇద్దరూ వాదించుకుంటూ వెళ్ళారు.

మొదటి చినుకులు పడేసరికి వీధి ఖాళీ అయింది. కప్పు మీద, కొత్త పలకలు తొమ్మిదీ పాతవాటి మధ్య కాస్త ముదురుగా కనిపిస్తున్న చోట, పొగగొట్టానికి ఆనుకుని పసుపుపచ్చ స్పాంజి దిండు ఉండిపోయింది. దాని నడుమ మనిషి కూర్చున్న గుంట ఇంకా లోతుగానే ఉంది, అంచులనుంచి నెమ్మది నెమ్మదిగా పొంగుతోంది.